పక్కనుంచి వెలుతురు

“పైకెత్తు లూకా! ఇంకాస్త పైకి... ఆఁ, అక్కడే. ఇంక కదలకు.”

గేటు పక్కనున్న గదిలోంచి నరసింహం కేకేశాడు. ఆ గదిలో బల్ల మీద ఒక బుల్లి టీవీ, దాని కింద క్యాసెట్టు డెక్కు, గోడ పొడుగునా పాకిన నల్లటి వైరు ఉన్నాయి. వైరు రెండో కొస బయట గేటు స్తంభానికి బిగించిన కెమెరాలో ఉంది. ఆ స్తంభానికే ఆనించిన వెదురు నిచ్చెన మీద లూకా నిలబడి, పెళ్ళిళ్ళలో వాడే వీడియో లైటును నెత్తి మీదికెత్తి పట్టుకున్నాడు. మే నెల. పొద్దు కుంకినా వడగాడ్పు పూర్తిగా చావలేదు. పైనుంచి లైటు సెగ, కిందనుంచి నేల సెగ. చెమటలు కక్కుతూనే లూకా, “సరేనండి, కదలనండి” అన్నాడు.

ఎదురుగా ఐసు కోసం వచ్చిన లారీ ఒకటి హెడ్‌లైట్లు వేసుకుని నిలబడి ఉంది.

“ఏమన్నా కనపడతందాండి?”

“ఏం కనపడతంది, నా మొహం! తెల్లగా రెండు ఇడ్లీలు కనపడతన్నాయి. నంబరు లేదు, లారీ లేదు.”

రేపల్లె దాటి నిజాంపట్నం రోడ్డెక్కగానే ఎడమచేతి వైపు ఉంటుంది ఆ ఐసు ఫ్యాక్టరీ. రొయ్యల సీజను వచ్చిందంటే దానికి రాత్రీ పగలూ తేడా లేదు. లారీలు ఖాళీగా రావడం, ఐసు నింపుకుని రేవుకో చెరువులకో పోవడం. ఆ రద్దీలో ఎవడో రెండుసార్లు గేటు స్తంభాన్ని గుద్ది, వెనక్కి తిరిగి చూడకుండా చక్కా పోయాడు. నంబరేంటయ్యా అని కాపలా మనిషిని అడిగితే, “లైట్లు కళ్ళల్లో కొట్టాయండి, ఎర్ర లారీ అండి” అన్నాడు. ఆ రోడ్డున సగం లారీలు ఎర్రవేనాయె. దాంతో యజమాని బసవేశ్వరరావు మద్రాసు వెళ్ళినప్పుడు ఈ కెమెరా కొనుక్కొచ్చి, రాత్రిపూట వచ్చే పోయే ప్రతి బండి నంబరూ టీవీలో చదువుకునేలా బిగించమని తెనాలిలో వీడియో స్టూడియో నడిపే నరసింహానికి అప్పజెప్పాడు. నరసింహానికి పెళ్ళి క్యాసెట్లు తప్ప వేరే విద్య లేదు. అయినా కెమెరా అంటే కెమెరానే గదా అని ధైర్యంగా ఒప్పుకున్నాడు. ఇది మూడో సాయంత్రం. ధైర్యం కొంచెం సన్నగిల్లింది.

లూకా ఆ స్టూడియోలో లైటు పట్టే మనిషి. అంతే. అంతకు మించి అతని గురించి ఎవరూ ఏమీ అనుకోరు. యాభై దాటాయి. సన్నటి మనిషి, ఎడమ భుజం కన్నా కుడి భుజం ఒక వేలెడు ఎత్తు. కనుబొమలు సెగకి మాడి మాడి పలచబడిపోయాయి. వయసులో ఉన్నప్పుడు ఊరేగింపుల్లో పెట్రోమాక్సు దీపాలు నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. నరసింహం వీడియో కెమెరా కొన్నాక, నెత్తి మీది దీపం చేతిలోకి వచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఈ పదేళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు చాలామటుకు అతను పట్టిన వెలుతురులోనే జరిగాయి. ఒక్క క్యాసెట్టులోనూ అతను కనపడడు. “ఆ లైటు అవతలికి తియ్యవయ్యా, పిల్ల మాడిపోతంది” అని ఆడపెళ్ళివారు కసురుతారు. “ఇటు పట్టవేంటయ్యా, మా వాడు నల్లగా పడతన్నాడు” అని మగపెళ్ళివారు విసుక్కుంటారు. లూకా ఇద్దరికీ తల ఊపి, ఆఖరి బంతిలో కూర్చుని, పెట్టినంత తిని, వడ్డించినవాళ్ళకి వందనాలు చెప్పి లేస్తాడు.

ఆ వందనాలు అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. బస్సు కండక్టరు చిల్లర ఇస్తే వందనాలు. టీకొట్టువాడు గ్లాసు అందిస్తే వందనాలు. ఒకసారి రేపల్లె ప్యాసింజరులో ఎవరో అతని కాలు తొక్కి “అయ్యో” అంటే, అయ్యో అన్నందుకు కూడా వందనాలు చెప్పాడట. అతనుండే పేటలో అందరూ “వందనాల లూకా” అంటారు. అనేది ఎగతాళికే గానీ, కనపడితే మాత్రం ఒకటి పుచ్చుకోకుండా ఎవరూ పోరు.

ఇవాళ అతను తొందరగా ఇల్లు చేరాలి. కూతురు రిబ్కాకి ఏడు నిండాయి. ఏటా ఈ రోజున ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. లూథరన్ గుడి అయ్యగారు బాలస్వామి వచ్చి వాక్యం చదివి ప్రార్థన చేస్తాడు, రత్నం కోడికూర వండుతుంది, పేటంతా తింటుంది. ఆ కూడికకి ముఖ్య అతిథి ఎప్పుడూ ఒక్కడే, లారీ డ్రైవరు యలమంద. ఈ ఏడు మరీ ముఖ్యం. యలమందకి అరవై వచ్చాయి, మోకాళ్ళు క్లచ్చి తొక్కనివ్వడం లేదు. ఇవాళ్టితో బండి దిగిపోతున్నాడు. రేపటినుంచి చీరాల పక్క రామాపురంలో పెద్దకూతురి దగ్గరే ఉంటాడు. అందుకని నిన్న బాపట్లలో పెళ్ళి చూసుకుని వస్తూ, లూకా ఆయన కోసం ఒక శాలువా కొన్నాడు. పదిమంది ముందు కప్పి, చెప్పాల్సిన మాట మంచిగా చెప్పాలి. ఆ మనిషికి చెప్పాల్సిన వందనాలు ఇంకా తీరలేదని లూకా మనసులో ఎప్పుడూ ఒక వెలితి.

ఎందుకు తీరుతుంది? అది మామూలు మేలా!

తొంభైలో తుపాను వచ్చిన నాటి మాట. రత్నానికి అప్పుడు ముప్ఫై ఎనిమిది. అంతకు ముందు మూడుసార్లు కడుపు నిలిచీ నిలవకుండా పోయింది. నాలుగోసారి నిలబడితే, పుట్టింటికని నిజాంపట్నం దగ్గరున్న తల్లి గూడేనికి వెళ్ళింది. తుపాను ఇంకా తీరం దాటలేదు గానీ, ఆ సాయంత్రానికే వాన మొదలైంది, బస్సులు ఆగిపోయాయి, కరెంటు పోయింది. ఇంకా నెల ఉందనుకున్న నొప్పులు అప్పుడే వచ్చాయి. లూకా రోడ్డు మధ్యలోకి పోయి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. రేవు నుంచి ఊళ్ళకి పారిపోయే బండ్లు ఒకటొకటే అతన్ని తప్పించుకుని వెళ్ళిపోయాయి. ఒక్క లారీ ఆగింది.

డ్రైవరు తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. రత్నాన్ని క్యాబిన్లో పడుకోబెట్టి, అత్తగారిని ఆమె తల దగ్గర కూర్చోబెట్టి, లూకాని వెనకాల టార్పాలిను కిందకి ఎక్కమన్నాడు. రేపల్లె వచ్చేసరికి ఊరంతా చీకటి. ఆ మహానుభావుడు ఆగలేదు. విరిగిపడిన కొమ్మల్ని తప్పించుకుంటూ తెనాలి దాకా కొట్టాడు. లూకా ఆస్పత్రిలోకి పరుగెత్తి ఆయాని, స్ట్రెచర్నీ తెచ్చేసరికి రత్నం దిగి ఉంది, లారీ వెనక్కి తిరుగుతోంది. “అన్నా, అన్నా” అని అరుస్తూ వెంటపడ్డాడు. వానలో వినపడలేదు. చేతిలో టార్చి ఉంటే సూటిగా లారీ వెనక్కి కొట్టాడు. పై అక్షరాలు బురదలో పోయాయి. కింది నాలుగంకెలూ తళతళమని మెరిశాయి. నాలుగు, మూడు, ఏడు, మూడు. తెల్లారేసరికి రిబ్కా పుట్టింది. తల్లీ పిల్లా దక్కారు.

ఆ నాలుగంకెలూ నోట్లో పెట్టుకుని లూకా ఏడాది తిరిగాడు. ఆ అంకెలున్న లారీలు ఎన్నుంటాయో, ఏ జిల్లావో, ఆ ఆలోచనే అతనికి రాలేదు. పెళ్ళికని ఏ ఊరెళ్ళినా ముందు లారీలు ఆగే చోట నిలబడేవాడు. చివరికి బాపట్లలో ఒక మెకానిక్కు షెడ్డు ముందు దొరికింది, 4373. దాని కింద పడుకుని గ్రీజు పెడుతున్న మనిషి కాళ్ళు పట్టుకుని బయటికి లాగినంత పని చేశాడు. “నేను కాదండి” అన్నాడు యలమంద. లూకా నమ్మలేదు. చేసిన మేలు ఒప్పుకోకపోవడం పెద్దవాళ్ళ లక్షణం అనుకుని ఇంకా ఎక్కువ ఏడ్చాడు. మొదటి పుట్టినరోజుకి ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాడు. రత్నం ఆయన్ని చూడగానే “అన్నయ్యా” అంది. దాంతో లూకాకి ఆయన బావ అయ్యాడు, పిల్లకి లారీ మామయ్య అయ్యాడు. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో యలమంద పేరు లేకుండా ప్రార్థన లేదు.

ఇవాళ ఆయన ఆఖరి లోడు మధ్యాహ్నమే రేవులో దింపి వచ్చి, ఫ్యాక్టరీ ఆవరణలో గొట్టం పట్టుకుని తన లారీని కడుక్కుంటున్నాడు, లూకా పని అయిపోతే ఇద్దరూ కలిసి ఇంటికి పోవచ్చునని.

“దిగు లూకా, ఇది పైనుంచి అయ్యే పని కాదు” అన్నాడు నరసింహం గదిలోంచి బయటికొచ్చి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. “కెమెరాని కిందకి దించుదాం. మోకాలెత్తులో, పక్కగా.”

ఇద్దరూ కలిసి కెమెరాని విప్పి, స్తంభానికి అడుగున, రోడ్డుకి ఏటవాలుగా బిగించారు. లెన్సు మీద రింగు ఒకటి ఉంటుంది. అది తిప్పితే కెమెరా కన్ను చిన్నదవుతుంది. నరసింహం దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ లోపలికి పరుగెత్తి చూసి వస్తున్నాడు. ఇడ్లీలు చిక్కి చిక్కి రూపాయి బిళ్ళలంతయ్యాయి. వాటి మధ్య నంబరు పలక నల్లగా మిగిలిపోయింది.

“ఇప్పుడు లైటు పట్టు. కెమెరా పక్కనే నిలబడి సూటిగా పలక మీదికి కొట్టు.”

లూకా కొట్టాడు. లోపల్నుంచి నరసింహం ఆనందంగా అరిచాడు. “వచ్చేసింది! రెండు, అయిదు, మూడు, ఆరు!”

లూకా ఎదురుగా ఉన్న పలకని చూశాడు. నవ్వొచ్చింది. “మూడు కాదండి, ఎనిమిది. రెండు, అయిదు, ఎనిమిది, ఆరు.”

“ఏంటి నీ ఎనిమిది? ఇక్కడ ఇంత మూడు కనపడతంటే! నువ్వే వచ్చి చూడు.”

లూకా లైటుని ఆ ఐసు లారీ డ్రైవరు చేతికిచ్చి గదిలోకి వెళ్ళి చూశాడు. నిజమే. మూడే. కొత్తగా వేసిన పెయింటు నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆ మెరుపు ఎనిమిది అంకె ఎడమ పక్కని తినేసింది. తలుపులోంచి తొంగి చూస్తే ఎనిమిది, టీవీలో చూస్తే మూడు. లూకా నాలుగైదుసార్లు అటూ ఇటూ తల తిప్పాడు.

“లైటుదేనండి దోషం. సూటిగా కొడితే మెరుస్తంది.” అంటూ బయటికొచ్చాడు గానీ, ఏం చెయ్యాలో అతనికీ తెలియదు. లైటు మళ్ళీ చేతిలోకి తీసుకుని ఆ పక్కా ఈ పక్కా పట్టి చూశాడు. కుడి భుజం సలుపుతోంది. ఇక చాతగాక, గేటుకి రెండో పక్కకి పోయి, లైటుని నేల మీద పెట్టేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

“ఏం చేశావు? ఏం చేశావు లూకా?” లోపల్నుంచి నరసింహం గావుకేక. “ముట్టుకోకు! దాన్నలాగే వదిలెయ్యి! ఎనిమిదొచ్చింది! అచ్చంగా ఎనిమిది!”

పక్కనుంచి, కిందనుంచి పడిన వెలుతురుకి మెరుపు పోయింది. అంకెలు ఎంబ్రాయిడరీ చేసినట్టు ఒక్కొక్కటే పైకి లేచాయి. నరసింహం బయటికి గెంతుకుంటూ వచ్చి లూకాని కౌగిలించుకున్నాడు. “నా పరువు కాపాడావయ్యా. బసవేశ్వరరావుగారికి మొహం ఎట్టా చూపించాలా అని చస్తన్నా. నీకు నేనే చెప్పాలి వందనాలు.”

“నాదేం లేదండి, చెయ్యి లాగితే దించాను” అన్నాడు లూకా. అలవాటు కొద్దీ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

సూటిగా కొడితే ఎనిమిది మూడవుతుంది.

ఆ రాత్రి తను టార్చి సూటిగానే కొట్టాడు. పలక తడిసి ఉంది. తళతళమని మెరిసింది. నాలుగు, మూడు, ఏడు, మూడు. రెండు మూళ్ళు. అవి మూళ్ళేనా? షెడ్డులో లారీ కిందనుంచి వచ్చిన గొంతు ఆరేళ్ళ తర్వాత ఇప్పుడు వినపడింది. నేను కాదండి. నరసింహం లైటు మీదికి రేకు గొడుగు కొట్టించాలనీ, శాశ్వతంగా బల్బు పెట్టించాలనీ ఏదో చెబుతున్నాడు. లూకా వినడం లేదు. ఆవరణలోకి నడిచాడు.

యలమంద లారీ కడగడం ముగించి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, తెల్లటి గుబురు మీసం, చెవుల్లోంచి కూడా తెల్లటి వెంట్రుకలు. లూకాని చూసి, “అయ్యిందా బావా నీ సినిమా?” అన్నాడు.

“అయ్యింది. బావా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి. ఆ తుపాను రాత్రి రత్నాన్ని తెనాలి చేర్చింది నువ్వేనా?”

యలమంద పకపకా నవ్వాడు.

“ఆరేళ్ళకి అడిగావా ఆ మాట! మొదటిరోజే చెప్పాను గదయ్యా, నేను కాదని. పడుకుని చెప్పాను. లేచి కూర్చుని చెప్పాను. నువ్వింటే గదా! నా గ్రీజు చేతులు పట్టుకుని మొహానికి రాసుకుని ఏడిస్తివి.”

“మరి ఆ రాత్రి...”

“ఆ రాత్రి నా బండి బాపట్ల షెడ్డులోనే ఉంది. ఇంజను ఇప్పేసి ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. కదిలితే గదా.”

లూకా తడి నేల మీదే చతికిలబడ్డాడు. అతనికి కోపం రాలేదు. కోపం వచ్చే మనిషే అయితే ఏనాడో బాగుపడేవాడు. దుఃఖం వచ్చింది. ఆరేళ్ళు దేవుడికి తప్పు పేరు చెప్పాం. వానలో కొమ్మల కింద దూరి దూరి తెనాలి దాకా వచ్చిన ఆ మనిషి ఎవరో, ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో. అతనికి ఒక్క ప్రార్థన అయినా అందలేదు. ఒక్క ముద్ద అయినా పెట్టలేదు.

“మరి ఎందుకొచ్చావు బావా? కాదని తెలిసీ ఏటేటా ఎందుకొచ్చావు?”

యలమంద నవ్వు ఆపి, కిందికి దిగి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ అతని పక్కనే కూర్చున్నాడు.

“మొదటేడు చెల్లెమ్మతో చెబుదామనే వచ్చాను. నువ్వు ఇనకపోయినా ఆమన్నా ఇంటదని. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, పిల్లని తెచ్చి నా ఒళ్ళో పడేసింది. అది నా మీసం పట్టుకుని వదల్లేదు. అంతలోకే మీ అయ్యగారు కళ్ళు మూసుకుని నా పేరెత్తుకుని ప్రార్థన మొదలెట్టాడు. మధ్యలో లేచి, ఆపండయ్యా అది నేను కాదంటే ఏం బాగుంటది? అయ్యాక చెబుదామనుకున్నా. కంచంలో కోడికూర పడింది.”

లూకా ఏడుస్తూనే నవ్వాడు.

“నవ్వకు. ఆ కూర తిన్నాను గానీ అరగలేదు నాకు” అన్నాడు యలమంద. గొంతు తగ్గింది. “నేనెటువంటోడినో నీకు తెలవదు బావా. రాత్రిళ్ళు రోడ్డు మీద ఎవడు చెయ్యెత్తినా ఆపేవాణ్ణి కాదు. దొంగల భయం, పోలీసుల గొడవ, మనకెందుకొచ్చిందిలే అని కొట్టుకుపోయేవాణ్ణి. ఆ తుపాను రాత్రి నీ ముందునుంచి పోయిన బండ్లలో నాది లేకపోవడం ఇంజను ఇప్పేసి ఉండబట్టే. ఆ కూర తిన్న నెలకి, చెరుకుపల్లి దగ్గర ఒకాయన పాము కరిచిన తమ్ముణ్ణి భుజానేసుకుని చెయ్యెత్తాడు. దాటిపోయాను. ఫర్లాంగు దూరం పోయాను. నీ కూతురొచ్చి మీసం పట్టుకుని లాగినట్టయ్యింది. రివర్సు చేసుకుంటా వచ్చి ఎక్కించుకున్నా.”

“బతికాడా?”

“బతికాడనే అనుకుంటన్నా. ఆస్పత్రి దగ్గర దింపి వచ్చేశాను. ఆ తర్వాత ఇంకెవర్నీ దాటిపోలేకపోయాను బావా. పురిటి మనుషులు, ముసలోళ్ళు, సైకిలు మీద నుంచి పడ్డోళ్ళు, ఎంతమందో. ఏటేటా మీ ఇంటికొచ్చి, దేవుడి ముందు నా పేరు చెప్పించుకుని, ఆ అన్నం తిని మళ్ళీ ఎట్టా దాటిపోయేది?”

“వాళ్ళెవరూ నీ నంబరు చూసుకోలేదా?”

“చూసుకునేదాకా ఉంటే గదా! ఉంటే ఏడుస్తారు, చేతులు పట్టుకుంటారు, ఇల్లెక్కడో కనుక్కుని వస్తారు. నీ ఒక్కడితో పడింది చాలదా నాకు?”

లూకా ఆ ముసలివాడి భుజం మీద తల పెట్టుకుని భోరుమన్నాడు. ఆ రాత్రి లారీ అంత తొందరగా ఎందుకు వెనక్కి తిరిగిందో అతనికి ఇప్పుడు అర్థమైంది. గేటు దగ్గర నరసింహం దూరం నుంచి చూసి, ఏమైందోనని కంగారుపడి రెండడుగులు వేసి, ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తేలక అక్కడే ఆగిపోయాడు.

ఇంటి ముందు తాటాకు పందిట్లో అప్పటికే పేటంతా చేరింది. యలమంద పెరట్లో నీళ్ళు పోసుకుని వచ్చి తన ఎప్పటి పీట మీద కూర్చున్నాడు. రిబ్కా కొత్త గౌనుతో వెళ్ళి ఆయన ఒళ్ళో ఎక్కింది. అయ్యగారు వాక్యం చదివి, “ఏటా మాదిరిగానే మన యలమందగారి కోసం...” అని మొదలుపెట్టబోతుంటే లూకా లేచాడు. పదిమందిలో లేచి మాట్లాడటం అతని జన్మలో అదే మొదలు. ఎప్పుడూ వెలుతురు అవతల నిలబడే మనిషి, పందిట్లో వేలాడుతున్న బల్బు కింద నిలబడ్డాడు.

“అయ్యగారూ, ఒక మాటండి. ఆ రాత్రి వచ్చినాయన ఈయన కాదండి. నేను అంకెలు తప్పు చదివాను. ఈయన మొదట్నుంచీ కాదనే చెబుతున్నాడు, మనమే ఇనలేదు. ఆయనెవరో తెలవదండి. తెలుసుకునే దారీ లేదు. కానీ...” యలమంద వైపు చెయ్యి చూపించాడు. తిన్న కూర ఆయనకి అరగలేదన్న సంగతీ, చెరుకుపల్లి దగ్గర జరిగిందీ చెప్పాడు. ఆ తర్వాత ఎక్కించుకున్నవాళ్ళ గురించి తనకు తెలిసినంతా చెప్పాడు. “మనకి ఒకాయన చేసింది ఈయన ఇంకెంతమందికో చేశాడండి. అదండి.”

యలమంద తల వంచుకుని రిబ్కా గౌను కుట్టు వంక చూస్తున్నాడు.

“అయితే లారీ మామయ్య మామయ్య కాదా?” అంది రిబ్కా.

అందరూ రత్నం వైపు చూశారు. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంది.

“ఎందుకు కాదే? నోరు మూసుకుని కూచో” అంది కూతుర్ని. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది. “ఇయ్యాళ రెండు ప్రార్థనలు చెయ్యండి అయ్యగారూ. పేరు తెలవనాయన కోసం ఒకటి, మా అన్నయ్య కోసం ఒకటి. తెలవనాయనది ముందు చెయ్యండి. పాపం, ఏడేళ్ళు ఆలస్యమైపోయింది.”

బాలస్వామి అయ్యగారు ముప్ఫై ఏళ్ళుగా ప్రార్థనలు చేస్తున్నవాడే. అయినా మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. “ప్రభువా, ఆ బిడ్డ ఈ రాత్రి ఏ రోడ్డున ఉన్నాడో నీకు తెలుసు” అన్నాడు. ఆ మాటకి పందిట్లో చాలామంది ముక్కులు చీదారు. ఎప్పుడూ ప్రార్థనలో కళ్ళు తెరుచుకునే కూర్చునే యలమంద ఈసారి గట్టిగా మూసుకున్నాడు. మీసం కింద పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో, ఎవరి కోసం తలుచుకున్నాడో ఆయనకే తెలియాలి.

ఆమేన్ అనగానే రత్నం ఆయన ముందు కంచం పెట్టింది. “కూర చల్లారిపోతంది, తిను అన్నయ్యా. ఈసారన్నా అరుగుతదేమో.”

పందిరి పందిరంతా గొల్లుమంది. యలమంద కడుపు పట్టుకుని నవ్వాడు. మారు వడ్డించుకుని తిన్నాడు, దుమ్ములు చప్పరించాడు. చెయ్యి కడుక్కున్నాక లూకా శాలువా విప్పి ఆయన భుజాల చుట్టూ కప్పాడు. ఆ ఎండాకాలంలో ఆ శాలువా ఎవరికైనా నరకమే. ఆయన మాత్రం రెండు కొసలూ ఎదర ముడేసుకుని, పెళ్ళికొడుకులా అందరివంకా చూశాడు. బాపట్లలో బండి అప్పగించాలి, యజమాని ఎదురుచూస్తుంటాడంటూ లేచాడు.

లారీ దాకా లూకా వెంట నడిచాడు. ఏం చెప్పాలో రాసుకున్నంత తయారుగా ఉంచుకున్న మాటలు ఒక్కటీ పైకి రాలేదు.

“బావా, రామాపురం నుంచి వస్తా ఉంటావా?”

“బస్సు లేదా ఏంటి? పై ఏడు రాకపోతే చెల్లెమ్మ ఊరుకుంటదా?” మెట్టు మీద కాలు పెట్టి, మోకాలు పట్టేస్తే ఆగాడు. లూకా నడుం కింద చెయ్యేసి పైకెక్కించాడు. కూర్చున్నాక యలమంద కిటికీలోంచి వంగి అతని తల మీద చెయ్యి పెట్టాడు. “వందనాలు బావా” అన్నాడు.

ఆ మాట లూకాకి ఎవరూ అంత నిదానంగా ఎప్పుడూ చెప్పలేదు. తిరిగి చెప్పేలోపే లారీ కదిలింది. గోతిలో దిగి లేచి, మలుపు తిరిగి, బాపట్ల వైపు వెళ్ళిపోయింది. ఆ మోత వినపడకుండా పోయేదాకా అక్కడే నిలబడి, ఇంట్లోకి వచ్చాడు.

పై ఏడు యలమంద రాలేదు. సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం అన్నం తిని, అరుగు మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడని, పెద్దల్లుడు బస్సెక్కి వచ్చి చెప్పి వెళ్ళాడు. శాలువా కప్పే సాగనంపారట. లూకా, రత్నం ఆ పూట పొయ్యి వెలిగించలేదు. రిబ్కా పుట్టినరోజుకి మాత్రం కూడిక మానలేదు. అయ్యగారు రెండు ప్రార్థనలూ చేశాడు, రత్నం పీట వేసి కంచం పెట్టింది, ఆ వేళకి రోడ్డున పోతున్న ఒక లారీ డ్రైవరును లూకా చెయ్యెత్తి ఆపి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

పెరట్లో దండెం మీద, ఆ రాత్రి నీళ్ళు పోసుకోవడానికి విప్పి, శాలువా మురిపెంలో మర్చిపోయిన యలమంద కాకీ చొక్కా ఇంకా ఉంది. రత్నం దాన్ని ఉతికి ఆరేస్తుంది, మళ్ళీ ఉతికి ఆరేస్తుంది. మోచేతుల దగ్గర గ్రీజు మరకలు పోలేదు, పై జేబుకి గుండీ లేదు, లోపల పళ్ళు విరిగిన దువ్వెన ఒకటి ఉంటే ఆమె తీసి, తుడిచి, మళ్ళీ ఆ జేబులోనే పెట్టింది.